సముద్రతీరపు హజ్ బాట: ఈజిప్టు బిడారు, కాలినడక యాత్రికుడు

హజ్ మార్గాల చరిత్ర ప్రస్తావనకు రాగానే సాధారణంగా రెండు పేర్లు వినబడతాయి. ఒకటి ఇరాక్‌లోని కూఫా నుండి ఎడారి గుండా మక్కా చేరే దర్బె జుబైదా. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ ధర్మపత్ని జుబైదా ఆ దారి పొడుగునా చేయించిన నీటి వసతుల మూలంగా దానికా పేరు నిలిచింది. రెండవది దమస్కస్ నుండి మదీనా చేరే సిరియా బాట. 1908లో హిజాజ్ రైలు మదీనాకు రావడంతో దాని ఖ్యాతి మరింత పెరిగింది. మూడవది కూడా ఒకటున్నది. కైరో నగరం వెలుపల మొదలై, సీనాయ్ ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటి, అఖబా వద్ద సముద్రాన్ని అందుకొని, అక్కడి నుండి ఎర్రసముద్రాన్ని కుడిచేతి వైపున, కొండల వరుసను ఎడమచేతి వైపున ఉంచుకొని దక్షిణంగా సాగే తీరపు బాట అది. మొత్తం సుమారు 1,500 కిలోమీటర్లు. ఈజిప్టు వారికే కాక, ఉత్తర ఆఫ్రికా నుండి, అందలుస్ నుండి, పశ్చిమ ఆఫ్రికా నుండి కైరో చేరిన యాత్రికులకు కూడా శతాబ్దాల తరబడి ఇదే ప్రధాన మార్గంగా ఉండినది.

మన దక్కను, ఆంధ్ర ప్రాంతాల హాజీలు ఓడలెక్కి పోయినవారు. యమన్ వైపు నుండి వస్తూ యలమ్‌లమ్ ఎదుటికి రాగానే ఓడలోనే ఇహ్రామ్ ధరించి జెద్దాలో దిగినవారు. అందువల్ల మన ఇళ్ళలో యలమ్‌లమ్ పేరు ఎరిగినంతగా రాబిగ్ పేరు ఎరుగరు. ఓడలో పోయేవాని కష్టాలు ఓడవి. నేలమీద నడిచేవాని కష్టం మరొక రకమైనది. ఈ రాత్రి నడక ఎక్కడ ముగుస్తుంది, ముగిసిన చోట నీరుంటుందా, ఆ నీరు తాగదగినదేనా అన్న మూడు ప్రశ్నలకు ప్రతిరోజూ జవాబు దొరకవలసి ఉంటుంది. తీరపు బాట చరిత్ర అంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ఈ తీరం మన పాఠకులకు కొత్తదేమీ కాదు. సీరత్ గ్రంథాలు చదివినవారు ఎరిగిన తీరమే. హిజ్రత్ అనంతరం హజ్రత్ హమ్జా (రజి) నాయకత్వాన ముప్పైమంది ముహాజిర్లతో వెళ్ళిన తొలి దళం ఈ సముద్రపు ఒడ్డుకే చేరింది. హిజ్రీ 2వ సంవత్సరంలో అబూ సుఫ్యాన్ తన వర్తక బిడారును తప్పించుకొని పోయిన దారి కూడా ఇదే. ప్రమాదం పసిగట్టి అతడు బద్ర్‌ను ఎడమవైపున వదిలి, సముద్రపు ఒడ్డు పట్టుకొని మక్కాకు తరలిపోయాడు. హుదైబియా ఒడంబడిక తరువాత అబూ బసీర్ (రజి) మకాం వేసి ఖురైషుల బిడారులను అడ్డగించినది ఈ ప్రాంతంలోనే. హజ్రత్ అబూ ఉబైదా (రజి) వెంట మూడు వందలమంది సహాబీలు ఈ తీరానికి వచ్చి, చివరకు మనిషికి రోజుకొక ఖర్జూరపు పండుతో సరిపెట్టుకొని, అదీ అయిపోయాక చెట్ల ఆకులు రాల్చి తిని, పిదప సముద్రం ఒడ్డుకు త్రోసిన మహామత్స్యంతో ఆకలి తీర్చుకున్న సంగతి హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ద్వారా సుప్రసిద్ధం. ఆకలికీ దప్పికకూ ఈ తీరం పెట్టింది పేరని చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అవసరం లేదు.

తొమ్మిదవ శతాబ్దపు భూగోళ రచయిత అల్-యఖూబీ నాటికి ఈ బాట మజిలీలు క్రమంగా పేర్కొనదగినంత స్థిరపడినాయి. అతడు చెప్పిన పేర్లలో ఐలా (నేటి అఖబా), మద్యన్, ఐనూనా, వజ్‌హ్, హౌరా, జుహ్ఫా, ఉస్ఫాన్ వంటివి ఇప్పటికీ గుర్తుపట్టవచ్చు. కొండదారిన లోపలి నుండి పోయే మార్గం కూడా ఉండేది. కాని కాలక్రమంలో ఈజిప్టు యాత్రికులు తీరపు బాటనే స్థిరపరచుకొన్నారు.

నడకా, వాహనమా?

దివ్యఖుర్‌ఆన్‌లోని సూరా హజ్‌లో, హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) పిలుపు విని వచ్చేవారి వర్ణనలో కాలినడకన వచ్చేవారి ప్రస్తావన ముందు, బక్కచిక్కిన ఒంటెల మీద వచ్చేవారి ప్రస్తావన తరువాత ఉన్నది. ఈ వరుసను బట్టి కొందరు వ్యాఖ్యాతలు నడకకే పుణ్యమధికమన్నారు. తాను కాలినడకన హజ్ చేయలేకపోయినందుకు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) విచారించినట్లు తఫ్సీర్ గ్రంథాలు ఉల్లేఖించాయి. ఇతరులు, దైవప్రవక్త (స) స్వయంగా ఒంటెపై హజ్ చేశారు గనుక వాహనమే శ్రేష్ఠమన్నారు.

ఈ చర్చలో ఒక ఉల్లేఖనాన్ని తీరపు బాటకు సంబంధించి ప్రత్యేకంగా స్మరించుకోవాలి. హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) జుహైనా తెగవారు. ఈ బాటలో యన్‌బూ చుట్టుపట్ల నేల అంతా ఆ తెగదే. ఆయన సోదరి దైవగృహానికి కాలినడకన వెళతానని మొక్కుకున్నది. విషయం దైవప్రవక్త (స) వద్దకు రాగా, ఆమె నడవనూ వచ్చు, వాహనమెక్కనూ వచ్చునని సెలవిచ్చారు. మరొక సందర్భంలో ఇద్దరు కొడుకుల భుజాల ఆసరాతో కాళ్ళీడ్చుకుంటూ పోతున్న వృద్ధుణ్ణి చూచి, అతడు తనను తాను ఇలా హింసించుకోవలసిన అవసరం అల్లాహ్‌కు లేదని చెప్పి, వాహనమెక్కమని ఆదేశించారు. ఈ ఉఖ్బా (రజి) తరువాతి కాలంలో ఈజిప్టుకు గవర్నరుగా వెళ్ళి అక్కడే మరణించారు. ఆయన సమాధి కైరోలోని ఖరాఫా శ్మశానంలో ఉన్నది. బాట ఈ కొసన ఆయన పుట్టిన తెగ, ఆ కొసన ఆయన సమాధి.

ధర్మశాస్త్రరీత్యా అసలు సమస్య పుణ్యం ఎక్కువా తక్కువా అన్నది కాదు, ఎవరికి హజ్ విధి అవుతుందన్నది. స్తోమత గలవారికే హజ్ విధి. ఆ స్తోమతకు దారి బత్తెము, వాహనము రెండూ షరతులని హనఫీ, షాఫయీ, హంబలీ ధర్మవేత్తలు నిర్ణయించారు. మక్కా పరిసరాలలో నివసిస్తూ నడవగల వారికి మాత్రం వాహనం షరతు కాదని హనఫీలు అన్నారు. ఇమామ్ మాలిక్ (రహ్మతుల్లాహి అలైహి) అభిప్రాయం వేరు. నడవగల శరీరమూ, దారిలో ఏదో పని చేసుకొని పొట్టపోసుకోగల నేర్పూ ఉన్నవాడు స్తోమత గలవాడే. వాహనం లేదన్న సాకు అతనికి చెల్లదు. మరాకష్, తూనిస్, పశ్చిమ ఆఫ్రికా ముస్లింలు అధికశాతం మాలికీలు. ఈ బాటమీద నడిచినవారిలో వారి సంఖ్య అంత హెచ్చుగా ఉండడానికి బీదరికం ఒక కారణమైతే, ఈ ధర్మశాస్త్ర నిర్ణయం మరొక కారణమని భావించవచ్చు. ధనికుడైన హనఫీకి ఒంటె దొరకకపోతే హజ్ వాయిదా పడుతుంది. బీదవాడైన మాలికీకి కాళ్ళున్నంతకాలం వాయిదా లేదు.

అయితే నాలుగు మజ్‌హబుల వారూ పరిగణించిన విషయం ఒకటున్నది. అది దారి భద్రత. దారిలో ప్రాణానికి భరోసా లేకపోతే ఏమిటి? పన్నెండవ శతాబ్దం ఆరంభంలో ఈ ప్రశ్న పుస్తకాలు దాటి బయటికి వచ్చింది. కార్డోబా ఖాజీ ఇబ్నె రుష్ద్ (తత్వవేత్త ఇబ్నె రుష్ద్‌కు తాత) అందలుస్ వారిపై, స్తోమత లోపించినందున, హజ్ విధి తొలగిపోయిందని ఫత్వా ఇచ్చాడు. అలెగ్జాండ్రియాలో స్థిరపడిన అల్-తుర్తూషీ ఇంకొక అడుగు ముందుకు వేసి, ఆ స్థితిలో మగ్రిబ్ వారు బయలుదేరడమే నిషిద్ధమన్నాడు. ఇద్దరూ హిజ్రీ 520 (క్రీ.శ. 1126)లోనే మరణించారు. అందలుస్‌కే చెందిన ఖాజీ అబూ బకర్ ఇబ్నుల్ అరబీకి ఈ మాట మింగుడుపడలేదు. సొంత పనులమీద దేశదేశాలు తిరిగేవారు హజ్ దగ్గరకు వచ్చేసరికి దారి మూసుకుపోయిందనడమేమిటని ఆక్షేపించాడు. ఇరుపక్షాలలో ఎవరినీ తేలికగా తీసివేయలేము. ఒకరు దారిలో చచ్చిపోయేవారిని తలచుకొని మాట్లాడారు, మరొకరు ఒక ఇస్లామీయ విధి ఒక ప్రాంతంలోనే అంతరించిపోతుందేమోనని భయపడి మాట్లాడారు.

వారి కాలంలో నిజంగానే తీరపు బాట మూతబడి ఉన్నది.

రెండు వందల ఏండ్ల విరామం

ఈజిప్టు చరిత్రకారుడు అల్-మక్రీజీ చెప్పినదాని ప్రకారం హిజ్రీ 450ల నుండి 660ల వరకు, అంటే రెండు వందల ఏండ్లకు పైగా, ఈజిప్టు, మగ్రిబ్ హాజీలు సీనాయ్ మార్గాన్ని వదిలి మరొక దారిన పోయారు. ఫాతిమీ ఖలీఫా ముస్తన్సిర్ కాలంలో వచ్చిన ఘోర క్షామంతో, అరాచకంతో మొదటి దెబ్బ తగిలింది. 1116లో క్రూసేడ్ రాజు బాల్డ్విన్ ఐలాను ఆక్రమించడంతో దారి పూర్తిగా కట్టుబడిపోయింది. హాజీలు నైలు నది మీద పడవలలో ఎగువకు ఖూస్ దాకా పోయి, అక్కడి నుండి ఎడారి దాటి ఐజాబ్ రేవు చేరి, సముద్రం మీద జెద్దాకు పోవలసి వచ్చేది.

ఈ దారిన 1183లో పోయిన అందలుస్ యాత్రికుడు ఇబ్నె జుబైర్ ఐజాబ్ పడవలను గూర్చి వ్రాసిన వర్ణన ఒళ్ళు జలదరింపజేస్తుంది. ఆ పడవలకు ఒక్క ఇనుప మేకు ఉండదు. పలకలను కొబ్బరిపీచు త్రాళ్ళతో కుట్టేవారు (మన కోరమాండల్ తీరపు మసూలా పడవల వంటి పద్ధతి). పీచు కుట్టులో దోషమేమీ లేదు, దోషమంతా పడవ యజమానులది. ఒక్క ప్రయాణంలోనే పడవ ఖరీదు రాబట్టుకోవాలన్న ఆశతో మనుషులను ఒకరిమీద ఒకరిని కూర్చోబెట్టి కుక్కేవారని, పడవ తిరిగి వస్తుందా లేదా అన్న చింత వారికి ఉండేది కాదని ఇబ్నె జుబైర్ వాపోయాడు. ఈ దారిన పోవడం కంటే పోకపోవడమే మేలన్నంత వరకు అతని మనసు విరిగింది.

అదే కాలంలో తీరపు బాట మీద మరొక ఘాతుకం జరిగింది. అరబ్బు చరిత్రకారులు అర్నాత్ అని వ్రాసిన షాటియోన్ రెజినాల్డ్ ఓడలను విడిభాగాలుగా ఒంటెల మీద మోయించి అఖబా సింధుశాఖలో దించి, 1182-83 శీతాకాలంలో ఎర్రసముద్రం మీద హాజీల ఓడలను, హిజాజ్ తీరాన్ని దోచుకొన్నాడు. సలాహుద్దీన్ అయ్యూబీ పంపిన నౌకాధిపతి హుసాముద్దీన్ లూలూ ఆ ముఠాను వెంటాడి తుదముట్టించాడు. హరమైన్‌కు అంత చేరువగా శత్రువు అడుగు పెట్టడం ముస్లిం ప్రపంచాన్ని నివ్వెరపరచింది. దారి భద్రత అన్న ధర్మశాస్త్ర పదానికి ఇంతకంటే స్పష్టమైన వ్యాఖ్యానం అవసరం లేకపోయింది.

మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ 1260లలో ఐలాను తిరిగి వశపరచుకొని, కాబా గృహానికి కిస్వాను, తాళపుచెవిని మెట్టదారిన పంపించడంతో బాట మళ్ళీ తెరుచుకున్నది. ఐజాబ్ దారి వెంటనే నశించలేదు. 1326లో ఇబ్నె బతూతా కూడా ఆ దారినే పోజూచి, రేవులో యుద్ధం జరుగుతుండడం వల్ల ఓడ దొరకక వెనుదిరిగాడు. అయితే జనబాహుళ్యం మాత్రం తీరానికి మరలింది.

మజిలీలు

మమ్లూక్, ఉస్మానియా కాలాలలో ఈ బాట ఎలా నడిచిందో తెలుసుకోవడానికి అన్నిటికంటే మేలైన ఆధారం అబ్దుల్ ఖాదిర్ అల్-జజీరీ గ్రంథం. పదహారవ శతాబ్దానికి చెందిన ఈయన హంబలీ విద్వాంసుడు, హజ్ బిడారు అధికారి కచేరీలో లేఖకుడు. తండ్రి వృత్తి కూడా అదే. "అల్-దురరుల్ ఫరాయిద్" అనే ఆయన గ్రంథంలో మజిలీల దూరాలు, బావుల స్థితి, ఏ తెగకు ఎంత ముట్టజెప్పాలి, ఎక్కడ ఎన్ని గంటలు నడవాలి అన్న లెక్కలు కనిపిస్తాయి. పండితుని గ్రంథం కంటే గుమాస్తా చిట్టా అనిపిస్తుంది. దాని విలువ కూడా అక్కడే ఉన్నది.

బాటను నాలుగు పాదాలుగా లెక్కించేవారు. కైరో నుండి అఖబా మొదటిది, అఖబా నుండి అజ్లమ్ రెండవది, అజ్లమ్ నుండి యన్‌బూ మూడవది, యన్‌బూ నుండి మక్కా నాలుగవది. బిడారు షవ్వాల్ నెల చివరిలో కైరోకు ఈశాన్యాన ఉన్న బిర్కతుల్ హాజ్ వద్ద గుమికూడి బయలుదేరేది, జిల్‌హజ్ మొదటి రోజులలో మక్కా చేరేది. చాంద్రమాన సంవత్సరం గనుక యాత్రాకాలం ముప్పైమూడేండ్లలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. తండ్రి మాడిపోయిన మజిలీలో కొడుకు చలికి వణికిపోవచ్చు. 1324లో మాలీ సామ్రాజ్యాధిపతి మన్సా మూసా చేసిన హజ్ శీతాకాలంలో పడింది. ఆయన కైరోలో వెదజల్లిన బంగారాన్ని గూర్చి అందరూ వ్రాశారు. తిరుగు ప్రయాణంలో ఆయన అనుచరులు, ఒంటెలు పెద్దసంఖ్యలో చలికి మరణించిన సంగతి మక్రీజీ వంటివారు వ్రాసినా లోకానికి అంతగా గుర్తులేదు.

మొదటి పాదంలో సముద్రం కనబడదు. సూయజ్ సమీపాన అజ్‌రూద్ దాటిన తరువాత, బనీ ఇస్రాయీల్ నలభై ఏండ్లు దారితప్పి తిరిగిన తీహ్ ఎడారి. దాని నడుమ నఖ్ల్ మజిలీ. ఆ తరువాత పీఠభూమి హఠాత్తుగా తెగిపోయి, దిగువన సింధుశాఖ నీలంగా కనబడుతుంది. అక్కడి నుండి దిగే కొండదారినే "అఖబతు ఐలా" అన్నారు. అఖబా అంటే ఎక్కడానికీ దిగడానికీ కష్టమైన కనుమ. ఐలా పట్టణం పేరు కాలక్రమంలో మరుగునపడి, ఆ కనుమ పేరే ఊరికి స్థిరపడిందంటే ఆ దిగుడు జనం మనసులో ఎంత నాటుకొని పోయిందో గ్రహించవచ్చు. తూలూనీ పాలకుడు ఖుమారవైహ్ వద్ద పనిచేసిన ఫాయిఖ్ ఈ దారిని మొదట చదునుచేయించాడు. మమ్లూక్ సుల్తాన్ నాసిర్ ముహమ్మద్ మరల బాగుచేయించాడు. పదహారవ శతాబ్దం ఆరంభంలో ఖాన్సూహ్ అల్-గౌరీ బండలు కొట్టించి వెడల్పు చేయించి, ఆ సంగతి శిలాశాసనంగా చెక్కించాడు. ఈ గౌరీయే అజ్‌రూద్, నఖ్ల్, అఖబా, అజ్లమ్‌లలో కోటలు కట్టించినవాడు. పోర్చుగీసు నౌకలు ఎర్రసముద్రపు ముఖద్వారం దాకా వచ్చిన కాలమది; ఆ భయం కూడా కోటల వెనుక లేకపోలేదు.

అఖబాలో బిడారు కొన్ని రోజులు ఆగేది. గజ్జా నుండి వర్తకులు ధాన్యము, పండ్లు, మేత తెచ్చి అమ్మేవారు. ఇక్కడి కోటలో, అజ్లమ్ కోటలో యాత్రికులు తిరుగు ప్రయాణానికి కావలసిన బత్తెం మూటగట్టి దాచుకొనేవారు. ఆ కోటలు సైనికుల కోసం కట్టినవని చాలామంది అనుకొంటారు. నిజానికి అవి గోదాములు, వాటితోపాటు బావులకు కాపలా. రొట్టెపిండి మూట, మేత మూట సగం దారిలో భద్రంగా ఉన్నదన్న నమ్మకం లేకపోతే నడిచేవాడు రెండు నెలల బరువును వీపున మోయలేడు.

రెండవ పాదంలో హఖ్ల్ దాటాక బాట కాసేపు లోపలికి మళ్ళి మద్యన్ చేరుతుంది. హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) పేరిట మగాయిర్ షుఐబ్ అని పిలువబడే ఈ మజిలీలో మంచినీరు, ఖర్జూరపు తోపులు, కొండలలో తొలిచిన నబాతీయుల సమాధులు ఉన్నాయి. ఇద్దరు యువతుల గొర్రెలకు హజ్రత్ మూసా (అలైహిస్సలాం) నీరు తోడిపోసిన బావి ఇక్కడిదేనని యాత్రికుల నమ్మిక. బావి అదే కావచ్చు, కాకపోవచ్చు. పరాయి నేలమీద, అలసిపోయిన బాటసారి ఒకడు తనకంటే ముందు ఇతరుల గొర్రెలకు నీరు పెట్టిన ఆ ఖుర్‌ఆన్ గాథ మాత్రం దప్పికతో వచ్చినవారి చెవికి మరొక విధంగా వినిపించి ఉంటుంది.

తరువాతిది ఉయూనుల్ ఖసబ్, అంటే రెల్లు ఊటలు. నీరున్న మజిలీ గనుక ప్రాణం లేచివచ్చే చోటు. కొందరికి అదే చివరి చోటు. కైరోలోని షాఫయీ పండితుడు, హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ గురువులలో ఒకరైన బుర్హానుద్దీన్ అల్-అబ్నాసీ హిజ్రీ 802 (క్రీ.శ. 1399)లో హజ్ నుండి తిరిగి వస్తూ మరణించగా ఇక్కడే ఖననం చేశారు. ఆయన పండితుడు గనుక పేరు, తేదీ, స్థలం మూడూ నిలిచాయి.

ముఐలిహ్‌లో 1560లో సుల్తాన్ సులైమాన్ కాలంలో కట్టిన కోట ఈ బాటలో కెల్లా పెద్దవాటిలో ఒకటి. జిబా దాటితే అజ్లమ్. కైరోకూ మక్కాకూ సరిగ్గా నడిమధ్య. నీరు ఉప్పన. మరొక చోటు దొరకనందుకే ఆగే మజిలీ. అయినా ఈ పేరు వింటే కైరోలో ఇంటింటా గుండె కొట్టుకొనేది. ఎందుకంటే తిరుగు ప్రయాణంలో వచ్చే హాజీలకు ఎదురుగా, బంధువులు పంపిన తినుబండారాలతో, కైరో నుండి ఒక సహాయ బిడారు అజ్లమ్ దాకా వచ్చేది. ఎవరు బ్రతికి ఉన్నారో, ఎవరు లేరో ఇంటికి మొదట తెలిసేది ఆ బిడారు ద్వారానే.

మూడవ పాదం మిక్కిలి కఠినమైనది. వజ్‌హ్ బావుల నీరు మంచిదే కాని వానను బట్టి ఉండేది. ఏరు పారని సంవత్సరం బావి ఎండేది. రేవుకు కొంత దూరాన లోయలో 1617లో సుల్తాన్ అహ్మద్ కాలంలో కట్టిన కోట ఆ బావులకు కాపలా. అక్రా నీరు చేదు. హౌరా, నబ్త్ మజిలీలలో ఇసుకను త్రవ్వి నీరు తీయాలి. ఎడమచేతి వైపు కొండలు, కుడిచేతి వైపు తాగరాని నీరు దిగంతం దాకా. ఇక్కడ నడక రాత్రిపూటే. బిడారు ముందు, నడుమ కాగడాలు మోసేవారు. వెనుకబడినవాడికి ఆ వెలుగే దారి చూపేది. 1814లో హిజాజ్‌లో తిరిగిన స్విస్ యాత్రికుడు బర్క్‌హార్ట్, సిరియా బాట కంటే ఈ బాట ప్రమాదకరమైనదని, అలసట ఎక్కువని నిర్ధారించాడు.

యన్‌బూ చేరితే ఖర్జూరపు తోటలు, నీటి ఊటలు, ఈజిప్టు నుండి ఓడలలో వచ్చిన ధాన్యం. ఆపైన బద్ర్. ఆనాడు అబూ సుఫ్యాన్ తప్పించుకొని పోయిన తీరం మీదుగా వచ్చిన హాజీలు, అతడు తప్పించుకొన్న ఆ చోటికే వచ్చి షహీదుల సమాధుల వద్ద ఫాతిహా చదివేవారు. ఈజిప్టు, సిరియా, మగ్రిబ్ వారికి దైవప్రవక్త (స) నిర్ణయించిన మీఖాత్ జుహ్ఫా. ఆ ఊరు పాడుబడిన తరువాత దానికి కొంచెం ముందుగానే ఉన్న రాబిగ్‌లో ఇహ్రామ్ ధరించడం ఆచారమయింది. ఇక్కడి నుండి ఇంకా సుమారు 180 కిలోమీటర్లు. ఒంటిమీద రెండు వస్త్రాలు, తలకు నీడ లేదు. ఖులైస్, ఉస్ఫాన్, మర్రుజ్జహ్రాన్ లోయ, ఆపైన మక్కా.

దారి ఎవరిది?

బిడారుతో అమీరుల్ హజ్, ఖాజీ, ఇమామ్, వైద్యుడు, దారి చూపేవారు, నీరు మోసేవారు, మృతులకు గుసుల్ చేయించేవారు నడిచేవారు. చనిపోయినవారి ఆస్తిని వ్రాసుకొనే ఉద్యోగి కూడా ఉండేవాడు. మరణం అనుకోని సంఘటన కాదు, బిడారు లెక్కల్లో ముందే చేరిన విషయం. అందరికంటే ముందు మహ్‌మల్ నడిచేది. ఒంటెమీద పట్టు, జరీ కప్పిన పల్లకీ అది. అందులో ఎవరూ కూర్చోరు. రాణి షజరుద్దుర్ కాలంలో అది మొదలైందన్నది జనశ్రుతి మాత్రమే. చరిత్రకు అందేది బైబర్స్ కాలం నుండే. ఆ ఖాళీ పల్లకీ ఊరేగింపుకు ఆస్థాన చరిత్రకారులు కేటాయించిన పుటలలో పదోవంతు కూడా దాని వెనుక నడిచినవారికి దక్కలేదు.

వారి కొరకు జరిగిన ఏర్పాట్లు లేకపోలేదు. సుల్తానులు, ధనవంతులు నీటి ఒంటెలను, నడవలేక పడిపోయినవారిని ఎక్కించుకొనే ఒంటెలను వక్ఫ్‌గా, సబీల్‌గా పంపేవారు. ఇరాక్ బిడారులో ఇలాంటి ఒంటెలను, మందులను కళ్ళారా చూచినట్లు ఇబ్నె బతూతా వ్రాశాడు. ఉఖ్బా (రజి) సోదరికి లభించిన "నడవనూ వచ్చు, ఎక్కనూ వచ్చు" అన్న అనుమతి ఆచరణలో ఇలా రూపుదాల్చింది. ఎక్కడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇక దారి భద్రత. హువైతాత్, బలీ, జుహైనా, హర్బ్ తెగలు వరుసగా తమ తమ హద్దులలో బిడారుకు జవాబుదారీ వహించేవి. అందుకు ప్రతి సంవత్సరం ప్రభుత్వం వారికి నగదు, ధాన్యం, వస్త్రాలు ముట్టజెప్పాలి. జజీరీ ఏ తెగ హద్దు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వివరంగా వ్రాసిపెట్టాడు. అమీరుల్ హజ్ ఆ సొమ్ము మిగుల్చుకున్న ఏడాది బిడారుపై దాడి జరిగేది. కైరో చరిత్రకారులు ఆ తెగలను ఏకపక్షంగా దోపిడీదొంగలన్నారు. దోపిడీ జరిగిన మాట నిజమే. కాని బావులు వారివి, మేత వారి ఒంటెలది, వేలాదిమంది ఒక్కరాత్రిలో వచ్చి రెంటినీ ఖాళీచేసి పోయేవారు. ఇస్తామన్న పరిహారం ఇవ్వని నేరం అమీరుదైతే, శిక్ష మాత్రం బిడారు తోకన నడిచే బీదవానికి పడేది. ఒంటెమీద ఉన్నవాడు బిడారు నడుమన ఉంటాడు. కాలినడక వాడు ఎల్లప్పుడూ చివరనే.

1869లో సూయజ్ కాలువ తెరుచుకొని, పొగ ఓడలు చవకై, 1880ల మధ్యనుండి మహ్‌మల్ కూడా రైలెక్కి సూయజ్‌కూ, ఓడెక్కి జెద్దాకూ పోసాగింది. శతాబ్దాల మజిలీలు కొద్ది ఏండ్లలో నిర్మానుష్యమయ్యాయి. తెగలకు ముట్టే సొమ్ము తగ్గింది. కోటలలోని ఈజిప్టు కాపలా దళాలు తొలగిపోయి, 1887లో వజ్‌హ్, 1892లో జిబా, ముఐలిహ్, అఖబా ఉస్మానియా ప్రభుత్వం చేతికి తిరిగి వచ్చాయి. మహ్‌మల్ వెంట వాయిద్యాలు మ్రోగినందున 1926లో మినాలో సంఘర్షణ జరిగిన పిమ్మట హిజాజ్‌లోకి దాని ప్రవేశం కూడా ఆగిపోయింది.

తరువాతి కాలంలో అలీ అల్-గబ్బాన్ వంటి సౌదీ పురావస్తు పరిశోధకులు అజ్లమ్, ముఐలిహ్, వజ్‌హ్ కోటలను, బావులను, రాళ్ళమీది వ్రాతలను మజిలీ తరువాత మజిలీగా నమోదు చేశారు. ఉత్తరం నుండి తీరపు రహదారిన మోటారు వాహనాలలో వచ్చేవారు నేటికీ రాబిగ్, జుహ్ఫాల వద్దనే ఆగి ఇహ్రామ్ ధరిస్తున్నారు.